మీ చక్కగా, మా సక్కగ

రైతుబజారు నుంచి వచ్చిన అమ్మ కూరల సంచీ కింద పెట్టకుండానే చెప్పింది.

"మిషనమ్మ పోయిందటే. తొమ్మిది రోజులైందట. ఎల్లుండి పెద్దకర్మట."

అప్పుడు నేను ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. తొమ్మిది రోజులు! ఆ తొమ్మిది రోజుల్లో కనీసం నాలుగుసార్లు మెట్రోలో ఆమె ఇంటి పక్క నుంచే వెళ్లాను. రైలు దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌కి చేరుతుంటే ఎప్పటిలాగే కిటికీలోంచి ఆ సందు వైపు చూశాను. ఒకరోజు దిగాలి అని ఎప్పటిలాగే అనుకున్నాను. నాలుగేళ్లుగా అలా అనుకుంటూనే ఉన్నాను. మేము ఇప్పుడుండే ఎల్బీనగర్ నుంచి అక్కడికి పట్టుమని పదిహేను నిమిషాలు కూడా పట్టదు. నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

మిషనమ్మ అంటే మా పాత సందులో బట్టలు కుట్టే ఆవిడ. అసలు పేరు ఓటరు జాబితాలో ఉండి ఉంటుంది కానీ సందులో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. ఆమెది ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ నగరంలో కలిసిపోక ముందు నుంచీ అక్కడే ఉన్న కుటుంబం. ఇంటి ముందు గదిలో కాలితో తొక్కే నల్లటి కుట్టుమిషను, ఒక బల్ల, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ ఉండేవి. గదికి ఒక మూల ఆకుపచ్చ పాత చీర ఒకటి తెరలా కట్టి ఉండేది. ఆ తెర వెనక కొలతలు తీసేది. నేను ఆంటీ అనేదాన్ని. ఆమె నన్ను బిడ్డ అనేది.

ఆమె గురించి చెప్పాలంటే ముందు నా గురించి కాస్త చెప్పక తప్పదు. నాన్నకి బదిలీ అయి మేము తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చేసరికి నాకు పదమూడేళ్లు. ఆ వేసవిలో నేను ఉన్నట్టుండి జానెడు పొడుగు పెరిగాను. వచ్చిన కొత్తలో అమ్మ యూనిఫాం కోసం నన్ను మెయిన్ రోడ్డు మీద ఒక దుకాణానికి తీసుకెళ్లింది. అక్కడ టైలరు టేపు పెట్టి కొలతలు గట్టిగా అరిచి చెబుతుంటే, గల్లా దగ్గర కూర్చున్నాయన పుస్తకంలో రాసుకునేవాడు. ప్రతి అంకే దుకాణమంతా వినబడేది. బెంచీ మీద నేను చేరబోయే స్కూలు పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. పొడుగు కొలిచి ఆ టైలరు, "ఏం తింటున్నవమ్మా? ఇంకో రెండు నెలలైతే ఫ్యాన్ తాకుతది!" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. స్కూలు తెరిచిన మొదటి రోజే నా పేరు ఫ్యాను అయిపోయింది.

పదమూడేళ్ల పిల్లకి ఆ ఒక్క మాట చాలు. ఆ రోజు నుంచి నేను ఒంగి నడవడం మొదలుపెట్టాను. మెడ ముందుకు, భుజాలు లోపలికి, స్కూలు సంచీ గుండెకు అదుముకుని, వీలైతే గోడ పక్కన. అందరికంటే వెనక వరుసలో నిలబడేదాన్ని. ఫొటో తీస్తుంటే మోకాళ్లు వంచేదాన్ని. లోకంలో ఎవరికీ వేరే పని లేనట్టు, అందరూ నన్నే చూస్తున్నారని నా నమ్మకం. ఇప్పుడు నా క్లాసులో వెనక బెంచీల్లో నడుం విరిగినట్టు కూర్చునే ఆడపిల్లల్ని చూస్తే నాకు ఆ నమ్మకమే కనిపిస్తుంది.

ఒళ్లు దాచుకోవడం చాలదన్నట్టు నోరు కూడా దాచుకోవాల్సి వచ్చింది. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఆ చలికాలం బందులు, ఊరేగింపులు, మూతపడ్డ స్కూళ్లు. మా క్లాసులో అంతకుముందు దాకా, "గట్ల కాదు, అలా అనాలి" అని తెలుగు టీచరు స్థానిక పిల్లల్ని లేపి మరీ సరిదిద్దేది. వాళ్లు తలదించుకుని కూర్చునేవాళ్లు. అప్పుడు మా బెంచీ వాళ్లం నవ్వాం, నిజం చెప్పాలి కదా. ఉద్యమం వచ్చాక వాళ్లు తలెత్తారు, మేము "అండీ" అనగానే నవ్వడం వాళ్ల వంతయింది. అమ్మ పొద్దున్నే టిఫిను డబ్బాతో పాటు ఒక జాగ్రత్త కూడా చేతిలో పెట్టేది. "బస్సులో ఎవరితోనూ మాట్లాడకే. మాట వింటే మనం ఎక్కడివాళ్లమో తెలిసిపోతుంది." నేను అసలే ఒంగి నడిచే పిల్లని. ఇంక నోరు కూడా మూసుకున్నాను. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఎవరికీ వినబడకుండా "ఏంది, ఎట్ల, గట్ల" అని సాధన చేసేదాన్ని. అది నా నోట్లో పరాయివాళ్ల చెప్పులేసుకుని నడిచినట్టు ఉండేది.

ఆ డిసెంబరులోనే నా యూనిఫాం పొట్టిదైపోయింది. మెయిన్ రోడ్డు దుకాణానికి చస్తే రానన్నాను. అమ్మ విసుక్కుంటూ సందులోని మిషనమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

అక్కడ మొదటి వింత ఏమిటంటే టేపు లేదు. ఉంది, మిషను మీద వేలాడుతోంది, కానీ ఆమె దాన్ని ముట్టుకోలేదు. నన్ను తెర వెనక్కి పిలిచి దారపు ఉండలోంచి బారెడు తెల్లదారం తెంపింది. ఆ దారాన్నే నా భుజానికి, చేతికి, పొడుగుకి ఆనించి, కొలత ఉన్నచోట ముడి వేసింది. ఒక్క అంకె కూడా పైకి అనలేదు. పుస్తకం లేదు, రాత లేదు. చివరికి నా యూనిఫాం బట్ట నుంచి చిన్న ముక్క కత్తిరించి ఆ దారానికి కట్టి, గోడకున్న మేకుకి తగిలించింది. ఆ మేకుకి అప్పటికే అలాంటి దారాలు ముప్పై నలభై ఉన్నాయి, రంగురంగుల బట్టముక్కలతో.

రెండో వింత, ఆ మూలలో అద్దం లేదు. తర్వాతెప్పుడో అడిగితే, "అద్దం పెడితె పోరిలు బట్ట సూస్తరా బిడ్డ? మొటిమ సూస్తరు" అంది.

మూడోది క్యాలెండరు. అందరిళ్లలో కంటికి ఎదురుగా ఉండే క్యాలెండరు, ఆమె ఇంట్లో దాదాపు కప్పుకి ఆనించి కట్టి ఉంది. అదీ ఆ తెర వెనకే. నా పొడుగుకే అది అందేది కాదు.

"గా క్యాలెండర్ల ఇయ్యాల తారీఖెంత సూడు జర. నాకు ఆనతలేదు," అంది. కళ్లు సరిగా కనబడవు కాబోలు అనుకున్నాను. తలెత్తి, కళ్లు చికిలించి, ఆ చిన్న గళ్లలో వెతికి చెప్పాను. ఈలోగా ఆమె వేళ్లు దారం మీద ఏదో చేశాయి.

"అయిపాయె," అంది. నేను మళ్లీ నా పద్ధతిలో ఒంగిపోయాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, మామూలుగా, సాయంత్రం వాన పడేట్టుంది అన్నంత మామూలుగా అంది.

"నువ్వు గిట్ల సక్కగ లేవు బిడ్డ. సక్కగుంటె ఎంత మంచిగుండు!"

నేను తెనాలి పిల్లని. నాకు తెలిసిన చక్కగా ఒక్కటే. చక్కని పిల్ల, చక్కని మొహం, చక్కగా ముస్తాబవడం. అంటే నేను చక్కగా లేను. చక్కగా ఉంటే ఎంత బాగుండేదో అని ఆవిడ జాలి పడుతోంది. ఫ్యాను అన్నవాళ్లు ఎగతాళికి అన్నారు, ఇంటికొచ్చి ఏడ్చి సరిపెట్టుకోవచ్చు. ఈవిడ కళ్లలో ఎగతాళి లేదు. నిజం చెప్పేవాళ్లు ఇలాగే చెబుతారు కాబోలు అనిపించింది.

అమ్మకి చెప్పలేదు. చెబితే అమ్మ వెళ్లి పోట్లాడుతుంది. పోట్లాడితే ఆ మాట సందంతా తెలుస్తుంది. ఆ వయసులో నా లెక్కలు అలా ఉండేవి. అద్దంలో చూసుకోవడం మానేశాను. తల దువ్వుకునేటప్పుడు కూడా గోడ వైపు తిరిగేదాన్ని.

యూనిఫాం వారం ఆలస్యంగా వచ్చింది. అది మరో బాధ. ఒంగి నిలబడితే వీపు మీద బట్ట బిగుసుకుపోయేది, చంకల దగ్గర లాగేది. భుజాలు లోపలికి ముడవగానే కాలరు మెడ వెనక గుచ్చుకునేది. కుదరలేదు, తీసుకెళ్లి వదులు చేయించుకో అని అమ్మ పదిసార్లు చెప్పింది. నేను మళ్లీ ఆ గుమ్మం తొక్కితే ఒట్టు. ప్రార్థనలో నిలబడినంతసేపూ ఆ చొక్కా నన్ను వెనక నుంచి లాగుతూనే ఉండేది. విసుగొచ్చి భుజాలు వెనక్కి అంటే ఊరుకునేది. చొక్కా మీద కూడా కోపమే నాకు, ఎవరిదో పెత్తనంలా.

ఇలా రెండు నెలలు గడిచాయి. నాన్న నన్ను ఎల్బీనగర్‌లో లెక్కల కోచింగ్‌లో చేర్చారు. ఒక శనివారం మధ్యాహ్నం క్లాసు మధ్యలోనే ఆపి ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. బయటికొస్తే బస్సుల్లేవు, ఆటోల్లేవు. చౌరస్తాలో రోడ్డుకి అడ్డంగా రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించారు. వంటావార్పు అట. రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తింటూ నిరసన. డప్పులు మోగుతున్నాయి. పెద్ద పెద్ద గిన్నెల చుట్టూ ఆడవాళ్లు. అవతల పోలీసులు. దిల్‌సుఖ్‌నగర్ దాకా నడవాలి. మెయిన్ రోడ్డు తప్ప నాకు మరో దారి తెలియదు. అడుగుదామంటే నోరు విప్పకూడదు.

సంచీ గుండెకు అదుముకుని, షట్టర్లు దించిన దుకాణాల వారగా ఒంగి ఒంగి నడుస్తున్నాను.

"ఏ బిడ్డ! ఇటు రా!"

మిషనమ్మ. చీర కొంగు నడుముకి దోపి, ఒక పెద్ద గిన్నెలో గంటె తిప్పుతోంది. పారిపోదామనుకుంటూనే దగ్గరికి వెళ్లాను.

"నువ్వు నడుస్తుంటె గంత దూరంకెల్లే గుర్తువట్టిన. గీడెందుకున్నవ్? తిన్నవా?"

"తిన్నానండీ," అన్నాను. అబద్ధం. పైగా ఆ అండీ. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న ఇద్దరు తలెత్తి చూశారు.

"ఆంధ్రోల్ల పోరియా?" అని ఒకామె అడిగింది.

"మా సందు పోరి," అంది మిషనమ్మ, గంటె తిప్పడం ఆపకుండా. విస్తరాకులో ఇంత కిచిడీ వేసి నా చేతిలో పెట్టింది. నిలబడి తిన్నాను. ఉప్పు ఎక్కువైంది, నిజంగానే ఎక్కువైంది. కానీ పొద్దుటి నుంచీ ఏమీ తినలేదేమో, ఆకు నాకినంత పని చేశాను. తినడం అయ్యాక ఆమె గంటెతో ఎడమ పక్క సందు చూపించింది.

"మెయిన్ రోడ్డుకు పోకు, గడ్‌బడ్ ఉంది. గీ సందు వట్టుకొని సక్కగ పో. యాడ మల్లకు. సక్కగ పోతె కొత్తపేట కాడ తేల్తవు. సక్కగ పో బిడ్డ, ఇంటిదాంక సక్కగ పో."

మూడుసార్లు కాదు, నాలుగుసార్లు. రెండు నెలలుగా గొంతులో ఇరుక్కున్న మాటని ఎవరో నాలుగుసార్లు కెలికినట్టయింది. నాకు ఏమైందో నాకే తెలీదు.

"చక్కగా ఎలా వెళ్తానండీ? నేను చక్కగా లేనని మీరేగా అన్నారు!" అని అరిచాను.

మా అమ్మ నెలల తరబడి దాచమన్న యాస అంతా ఆ ఒక్క అరుపులో, ఆ చౌరస్తా నడిబొడ్డున, నా నోట్లోంచి ఊడిపడింది. డప్పు కొట్టేవాళ్లు కూడా ఆపినట్టు నాకు గుర్తు. బహుశా ఆపి ఉండరు. భయానికి అలా అనిపించి ఉంటుంది.

మిషనమ్మ గంటె పైకెత్తి అలాగే నిలబడింది. "గదేంది? నేనెప్పుడన్న?"

"కొలతలప్పుడు. చక్కగా ఉంటే ఎంత బాగుండేదో అన్నారు." ఇంక ఏడుపు ఆగలేదు. ముక్కు కారుతోంది, చేతిలో ఎంగిలి విస్తరి, తుడుచుకునే దారి కూడా లేదు.

ఆమెకి నిజంగా అర్థం కాలేదు. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న ఆమె, మెడలో ఏదో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతోంది, కత్తిపీట మీద నుంచి లేచింది.

"అక్కా, ఆల్ల దిక్కు సక్కగ అంటె అందంగ అన్నట్టు. మా ఆఫీసుల గుంటూరామె ఉంది గద, నాకెర్కే. మన సక్కగకు ఆల్లు తిన్నగ అంటరు."

"తిన్నగనా? తిన్నగ అంటె అన్నం తిన్నట్టు లేదా?" అంది మిషనమ్మ. ఆ తర్వాత మెల్లగా ఆమె మొహం మారింది. "ఓ యవ్వ! నువ్వు అందంగ లేవన్ననని అనుకున్నవానె? గిన్ని దినాలు గదే మనసుల వెట్టుకున్నవా?"

తల ఊపాను.

ఆమె గంటెను నా ముందు నిలువుగా పట్టుకుంది. "గిది సక్కగ." తర్వాత మణికట్టు వంచి గంటెను ముందుకు వాల్చింది. "గిది నువ్వు." అందరూ నవ్వారు. గంటె చివరి నుంచి కిచిడీ మెతుకులు నా చెప్పు మీద పడ్డాయి. నాకూ నవ్వొచ్చింది, ఏడుస్తూనే.

అప్పుడు తన కొంగుతోనే నా మొహం తుడిచి అంది. పదిహేనేళ్లు దాటినా ఒక్క అక్షరం మర్చిపోలేదు.

"ఇప్పుడు జెప్తున్న, మంచిగ ఇను. మీ చక్కగ మస్తున్నవ్ బిడ్డ. మా సక్కగనే జర తక్కువున్నవ్. గంతే."

ఆ సందు పట్టుకుని ఇంటిదాకా నడిచాను. ఆ రోజు నుంచే నిటారుగా నడిచానని చెబితే మీరు నమ్మకండి. స్కూల్లో నేను ఇంకా ఫ్యానునే. ఒంగడం అలవాటైన నడుం ఒక గంటె కిచిడీకి లేచి నిలబడదు. కానీ ఆ సాయంత్రం అద్దంలో చూసుకున్నాను. చాలాసేపు చూసుకున్నాను.

ఆ తర్వాత ఆమె గదిలో బెంచీ నా సాయంత్రపు చోటైపోయింది. ఆమె కాజాలు కుడుతుంటే నేను హోంవర్కు చేసుకునేదాన్ని. ఆమెను దేవతను చేయడం నా ఉద్దేశం కాదు. రేపొచ్చి తీసుకపో అనే మాట ఆమె నోట ఎన్ని వందలసార్లు విన్నామో. ఒకసారి ఇద్దరు పిల్లల యూనిఫాంలు తారుమారు చేసి, నేను తప్పు కుట్టలేదు, మీరే మారిపోయారని వాదించింది. రాష్ట్రం గురించి ఒకరోజు అమ్మకీ ఆమెకీ మాటా మాటా పెరిగి నెలరోజులు మాటల్లేవు. "జాకెట్టు ఎప్పుడిస్తుందో కనుక్కో" అని అమ్మ, "మీ అమ్మకు జెప్పు, అయింది" అని ఆమె, మధ్యలో నేను. అన్నేళ్లలో ఆమె చెప్పిన రోజుకి ఇచ్చిన జాకెట్టు అదొక్కటే.

ఆ గొడవ రోజుల్లోనే ఆమెకి కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. తెర వెనక్కి వచ్చిన ప్రతి పిల్లనీ, "మీరు ఏ దిక్కోల్లు బిడ్డ?" అని అడిగేది. ఆ రోజుల్లో ఆ ప్రశ్న వింటే మా వాళ్ల గుండెల్లో రాయి పడేది. ఎందుకడుగుతోందని తల్లులు గుసగుసలాడేవాళ్లు. ఎందుకో నాకు తెలుసు. కోస్తా పిల్ల అయితే తిన్నగ నిలవడు అనాలి, ఇక్కడి పిల్ల అయితే సక్కగ నిలవడు అనాలి. మళ్లీ ఇంకో పిల్ల నాలా ఏడవకూడదు. ఆ తిన్నగ అనే మాట అన్నప్పుడల్లా ఆమెకి నవ్వొచ్చేది.

స్కూల్లో ఫ్యాను అంటున్నారని ఒకసారి చెప్పాను. సూదిలో దారం ఎక్కిస్తూ, "ఫ్యానంటె మంచిదే గద. కింద కూసున్నోల్లే దాని దిక్కు సూస్తరు. అది ఎవల దిక్కన్న సూస్తదా?" అంది. మరో రోజు, కుట్ల లోపల అంత బట్ట ఎందుకు మడిచి వదిలేస్తున్నారని అడిగితే, "పెరిగె పోరివి. లోపట బట్ట ఇడ్సి పెట్టాలె. ఎప్పుడు గావాల్నంటె అప్పుడు ఇప్పుకోవచ్చు," అంది. అది కుట్టుపని గురించే అంది. నేను మాత్రం దాన్ని ఎన్ని విషయాలకు వాడుకున్నానో ఆమెకి తెలీదు. మొదటిసారి క్లాసు ముందు నిలబడి పాఠం చెప్పిన రోజు నోరు తడారిపోతే, లోపల ఇంకా బట్ట ఉంది అనుకున్నాను.

నేను ఇంటరు అయ్యాక మేము ఎల్బీనగర్‌కి ఇల్లు మారాం. రాష్ట్రం వచ్చింది. గొడవలు సద్దుమణిగాయి. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచాయి. స్కూళ్లు యూనిఫాంలు రెడీమేడ్‌గా ఇవ్వడం మొదలుపెట్టాక ఆమె దగ్గరికి వెళ్లే పని లేకుండా పోయింది. పని లేకపోతే వెళ్లమా? వెళ్లం. అదే మనిషి బుద్ధి.

ఆఖరిసారి చూసింది నాలుగేళ్ల కిందట, దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర. చేతిలో మందుల సంచీతో నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. నేను ఎదురుగా వెళ్లి "ఆంటీ" అని నవ్వాను. ఆమె నా మొహంలోకి చూసింది, నా భుజాలు చూసింది, తల అడ్డంగా ఊపింది.

"ఎవరు బిడ్డ? గుర్తువడ్తలేదు."

ప్రాణం ఉసూరుమంది. పేరు చెబుదామని నోరు తెరిచి ఆగిపోయాను. ఏమనిపించిందో, సంచీ గుండెకు అదుముకుని, మెడ ముందుకు చాచి, భుజాలు ముడిచి, పదమూడేళ్లప్పుడు నిలబడినట్టు నిలబడ్డాను. అంత రద్దీలో, ఒక టీచరమ్మని, అలా.

"నువ్వా బిడ్డ!" అని నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎన్నడు సక్కగైనవే, నాకు జెప్పకుంట?"

వస్తాను, ఇంటికొచ్చి కూర్చుంటాను అన్నాను. రేపే వస్తానన్నాను. ఆమె రేపులన్నిటికీ బదులు తీర్చినట్టు, ఆ రేపు నాలుగేళ్లు సాగదీశాను.

పదకొండో రోజు వెళ్లాను. మా అమ్మ పెద్దకర్మ అంటుంది, వాళ్లు దినాలు అంటారు. భోజనాలయ్యాక ఆమె కూతురు నన్ను ముందు గదిలోకి తీసుకెళ్లింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆకుపచ్చ తెర వెలిసి తెల్లబడింది. గోడకి మేకు, మేకుకి దారాలు. ఎన్ని వందలో. ఒక్కదానికీ పేరు లేదు. ఫ్యాను గాలికి బట్టముక్కలన్నీ కదులుతున్నాయి.

"అమ్మ ఒక్కటి గూడ పారెయ్యనియ్యలే," అంది అక్క. "నీది దేవులాడుకో."

మా స్కూలు గళ్ల బట్ట నాకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. అట్టడుగున దొరికింది. దారం పచ్చబడింది. వేళ్లతో తడుముతూ వెళ్లాను. భుజం, చెయ్యి. పొడుగు దగ్గర ఒకచోట ముడి ఉంది. దానికి రెండు వేళ్ల కింద ఇంకో ముడి ఉంది.

"ఇక్కడ రెండున్నాయేంటక్కా?"

"ఒంగే పోరిలకు అమ్మ రెండేసేది. ఫస్టుది ఆల్లు నిలవడ్డకాడ. రెండోది ఆల్లు నిలవడాల్సినకాడ. కుట్టేది మాత్రం రెండోదానికే."

వీపు మీద బిగుసుకున్న ఆ చొక్కా గుర్తొచ్చింది. కుదరలేదని రెండు నెలలు తిట్టుకున్న చొక్కా.

"మరి నేను ఒంగే నిలబడ్డాను కదా, రెండోది ఎలా కొలిచింది?"

అక్క నవ్వి తెర వైపు చూపించింది. "క్యాలెండరు గంత పైకి ఎందుకు కట్టిందనుకున్నవ్? ఆమెకు తారీఖులెర్కలేకనా?"

లోపలి నుంచి ఎవరో పిలిస్తే అక్క వెళ్లింది. నేను దారం చేతిలో పట్టుకుని తెర వెనక్కి వెళ్లాను. అద్దం ఇప్పటికీ లేదు. క్యాలెండరు ఉంది, ఎప్పటిచోటే, కప్పుకి ఆనుకుని. పోయిన నెల కాగితం ఇంకా ఎవరూ తిప్పలేదు. ఆ రోజు తారీఖు ఆ కాగితంలో లేదని తెలిసి కూడా తలెత్తి, కళ్లు చికిలించి, ఒక్కో గడీ వెతకడం మొదలుపెట్టాను. వెనక దారం మీద వేళ్లు కదిలితే బాగుండునని, అయిపాయె బిడ్డ అనే మాట వినబడితే బాగుండునని, చివరి గడి దాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాను.